ఇంకా తయారవుతున్న నేల: ఐస్‌లాండ్ యాత్రపై ప్రసంగం

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, ఇక్కడికి వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నా నమస్కారాలు.

నేను, మా వారు కలిసి చూసి వచ్చిన ఐస్‌లాండ్ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏ ఊరి తర్వాత ఏ ఊరికి వెళ్ళామో వరుసగా చెప్పడం వల్ల మీకు పెద్ద ప్రయోజనం ఉండదనిపించింది. ఆ వరుస ఏ పర్యాటక కరపత్రంలోనైనా దొరుకుతుంది. భూమి తన నేలను తాను ఎలా తయారు చేసుకుంటుందో, ఆ పని సాగుతూ ఉండగానే మనుషులు దాని మీద ఇళ్ళు కట్టుకుని ఎలా బతుకుతారో కళ్ళారా చూడగలిగిన చోటు ఆ దీవి. ఆ సంగతి మనసులో పెట్టుకుని వెళ్ళేవారికి అక్కడి పగులు లోయ, నల్ల ఇసుక, మంచు సరస్సు అన్నీ ఒకే కథలో భాగాలుగా కనిపిస్తాయి. అందుకే దీవి చుట్టూ తిరిగే 1,322 కిలోమీటర్ల ఒకటో నంబరు రహదారిని పూర్తి చేయాలన్న ఆలోచన మానుకుని, నైరుతి మూల నుంచి ఆగ్నేయాన ఉన్న మంచు సరస్సు దాకా మాత్రమే వెళ్ళి, ప్రతి చోటా తీరికగా నిలబడి చూశాము. భార్యాభర్తలిద్దరే వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా మా వయసులో, అదే సరైన పద్ధతి అని నేను నమ్ముతున్నాను.

నేను కళాశాలలో భూగోళశాస్త్రం బోధించాను. మా వారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. అందువల్ల దారి పొడవునా నా చూపు రాళ్ళ మీద, ఆయన చూపు వంతెనల మీద, గొట్టాల మీద ఉండేది. లండన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి మూడు గంటల విమాన ప్రయాణంతో కెఫ్లావిక్‌లో దిగాము. బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు, ఐరోపా దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ దీవి కూడా చూసి రావాలనుకునేవారు ఆ ఏర్పాటు ఇక్కడి నుంచి బయలుదేరక ముందే చేసుకోవడం మంచిది.

ఐస్‌లాండ్ విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కొంచెం తక్కువ. జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. అట్లాంటిక్ సముద్రం అడుగున ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణి నీటి పైకి తేలి ఇంత విశాలంగా కనిపించేది ఇక్కడ మాత్రమే. ఆ శ్రేణి వెంబడి, భూమి పైపొరలోని పెద్ద రాతి పలకలలో ఉత్తర అమెరికా పలక పడమటికి, యురేషియా పలక తూర్పుకి జరుగుతూ, రెండూ కలిపి ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. ఆ సందులోకి లోపలి నుంచి కరిగిన రాయి వచ్చి చేరుతుంది. పైగా దీవి కింద భూగర్భం నుంచి అదనపు వేడి పైకి వస్తున్నందువల్ల ఆ రాయి పరిమాణం మామూలు సముద్ర శ్రేణి కంటే ఎక్కువగా ఉంటుంది. దీవిలో అత్యంత పాత రాళ్ళ వయసు ఒకటిన్నర కోట్ల ఏళ్ళకు కాస్త అటూఇటూగా ఉంటుంది. భూగోళశాస్త్రంలో ఇది పసితనమే.

ఈ విడిపోవడాన్ని నడిచి చూడగలిగిన చోటు రాజధాని రేక్యావిక్‌కు తూర్పున ఉన్న థింగ్‌వెట్లిర్. రెండు వైపులా నిట్టనిలువు రాతి గోడల మధ్య మనిషి నడిచే బాట ఉంటుంది. పడమటి గోడ అమెరికా పలకకు అంచు. అయితే తూర్పున ఎదురుగా కనిపించే గోడే యురేషియా పలక అని చాలామంది యాత్రికులు అనుకుంటారు, అది సరి కాదు. రెండు పలకల నడుమ కొన్ని కిలోమీటర్ల వెడల్పున నేల పగిలి, కుంగి, లోయగా మారింది. యురేషియా అంచు ఆ లోయకు ఆవలి వైపున ఎక్కడో దూరంగా ఉంది. మేము లోయ అంతా కనిపించే ఎత్తైన అంచు మీద చాలాసేపు నిలబడ్డాము. పాఠ్యపుస్తకంలో చదివి, నల్లబల్ల మీద గీతలుగా గీసి చెప్పిన దానిని, నిజమైన నేలలో, నిజమైన కొలతలో చూడడం నాకు చాలా ఆనందాన్ని ఇచ్చింది.

అదే చోట 930లో ఐస్‌లాండ్ ప్రజల సభ ఆల్తింగ్ మొదలైంది. దీవి నలుమూలల నుంచి పెద్దలు ఏటా వేసవిలో వచ్చి గుడారాలు వేసుకుని, చట్టాలు చేసి, తగాదాలు తీర్చేవారు. చట్టం ఇంకా రాతలోకి రాని ఆ రోజులలో, దానిని కంఠస్థం చేసిన అధికారి ఒక రాతి మిట్ట మీద నిలబడి సభకు వినిపించేవాడు. వెయ్యేళ్ళ తర్వాత, 1944 జూన్ 17న, డెన్మార్క్ రాజరికం నుంచి విడిపోయి గణతంత్రంగా ప్రకటించుకున్నది కూడా ఆ లోయలోనే. 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంత గౌరవం ఉన్న ఆ చోటనే ఒక లోతైన మడుగు ఉంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో, నాటి చట్టం తప్పుగా ఎంచిన సంబంధాల కారణంగా, శిశుహత్య ఆరోపణల కారణంగా 18 మంది స్త్రీలను అందులో ముంచి చంపారు. ఆ విషయాన్ని దాచకుండా మడుగు పక్కనే ఫలకం పెట్టారు. గైడు చూపించకుండా దాటిపోతే మీరే అడిగి చూడండి. ఆ లోయ చరిత్రలో ఆ స్త్రీలకు కూడా చోటు ఉంది.

థింగ్‌వెట్లిర్ తర్వాత అందరూ వెళ్ళే వేడినీటి బుగ్గల గురించి ఎక్కువ చెప్పను. స్ట్రోక్కుర్ అనే బుగ్గ ప్రతి ఐదు, పది నిమిషాలకు ఒకసారి పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తుకు వేడినీటిని చిమ్ముతుంది. ఫోటో తీసుకున్నాక వెంటనే కదలకుండా, నీరు ఎగసే ముందు నీలి బుడగలా ఉబ్బే ఆ ఒక్క క్షణాన్ని గమనించండి. లోతులో నీటి బరువు వల్ల మరుగు స్థానం దాటినా ఆవిరి కాలేక ఆగిన నీరు, ఒత్తిడి కాస్త తగ్గగానే ఒక్కసారిగా ఆవిరై పై నీటిని తోసేస్తుంది.

దగ్గరలోనే ఉన్న గుల్‌ఫోస్ జలపాతం దగ్గర మా వారు ఎక్కువ సేపు ఉండిపోయారు. హిమానీనదం నుంచి వచ్చే హ్వీటా నది అక్కడ రెండు అంచెలలో, 11 మీటర్లు, 21 మీటర్లు దూకి సన్నని లోయలో పడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో దానిని జలవిద్యుత్తుకు కౌలుకిచ్చే ప్రయత్నం జరిగింది. పక్క పొలంలో పెరిగిన సిగ్రీదుర్ తోమాస్‌దోత్తిర్ అనే రైతు బిడ్డ దానిని ఎదిరించి, వాదన వినిపించడానికి రేక్యావిక్ దాకా ఎన్నోసార్లు వెళ్ళింది. ఆమె తరఫున వాదించిన న్యాయవాది స్వేన్ బ్యోర్న్‌సన్ తర్వాత ఐస్‌లాండ్ మొదటి అధ్యక్షుడయ్యారు. న్యాయస్థానంలో ఆమెకు విజయం దక్కలేదు గాని, ఆ పథకం మాత్రం ముందుకు సాగలేదు. జీవితమంతా ఆనకట్టల పనిలో గడిపిన మా వారు ఆమె ముఖం చెక్కిన రాయి ముందు నిలబడి, “ఈ నీటిని వదిలేయడం కూడా ఒక ఇంజనీరింగ్ నిర్ణయమే” అన్నారు. ఆ దేశం మిగతా నదుల మీద విద్యుత్తు కేంద్రాలు కట్టుకుంది, వాటితోనే అల్యూమినియం కర్మాగారాలు నడుపుతోంది. ఏ నదిని వాడుకోవాలి, దేన్ని వదలాలి అన్న వాదన అక్కడ నేటికీ ఆగలేదు.

ఇక దక్షిణ తీరం. సెల్యాలాండ్స్‌ఫోస్ దగ్గర అరవై మీటర్ల జలధార వెనక్కి నడిచి వెళ్ళే బాట ఉంది. వానకోటు లేకుండా వెళ్ళవద్దు. కొంత దూరంలో స్కోగాఫోస్ కూడా దాదాపు అంతే ఎత్తు. ఈ రెండూ ఎందుకు ఒకే వరుసలో ఉన్నాయో గమనించండి. ఒకప్పుడు సముద్రం ఆ కొండల పాదం దాకా ఉండేది, ఆ కొండలు నాటి సముద్రపు అంచు. ఆ తర్వాత హిమానీనదాల కింద అగ్నిపర్వతాలు పేలినప్పుడల్లా కొట్టుకొచ్చిన ఇసుకా బూడిదా పేరుకుని సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. అంటే మనం కారు నడిపే ఆ మైదానమే వరదలు తెచ్చి పోసిన నేల. వెనకాల మంచు టోపీతో కనిపించేది ఏయాఫ్యాట్లయోకుత్ల్ అగ్నిపర్వతం. 2010 ఏప్రిల్‌లో దాని బూడిద వల్ల ఐరోపా గగనతలం రోజుల తరబడి మూతపడింది. దానికి తూర్పున మంచు కింద ఉన్న కత్లా ఇంకా పెద్దది, చివరిసారి భారీగా పేలింది 1918లో.

విక్ అనే ఊరి దగ్గర ఉన్న రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం గురించి ఒక్క హెచ్చరిక. కాస్త శాంతంగా కనిపించే సముద్రంలోనే అకస్మాత్తుగా ఒక పెద్ద అల తీరం మీదికి చాలా దూరం వచ్చి మనుషులను లాక్కుపోతుంది, ప్రాణాలు పోయాయి. ప్రవేశం దగ్గర ప్రమాద స్థాయిని చూపే దీపాలు అమర్చారు, వాటిని చదివి, పాటించి, సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టకుండా నిలబడాలి. అలల నురుగుతో ఫోటో తీసుకోవాలన్న సరదా అక్కడ పనికి రాదు.

విక్ దాటాక రోడ్డుకి రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ గడ్డలు గడ్డలుగా ఉన్న లావా, దాని మీద జానెడు మందాన బూడిద పచ్చని నాచు పరుచుకుని ఉంటుంది. నా యాత్రలో అన్నిటి కంటే ముఖ్యమైన చోటు ఇదే. 1783 జూన్ 8న ఈ మైదానానికి ఉత్తరాన లాకీ అనే చోట నేల దాదాపు 27 కిలోమీటర్ల పొడవున చీలి, సుమారు 130 నోళ్ళ నుంచి ఎనిమిది నెలల పాటు లావా పోసింది. బయటికి వచ్చిన లావా పద్నాలుగు ఘనపు కిలోమీటర్లకు పైనే. కాని మనుషులను చంపింది లావా కాదు. దానితో వచ్చిన గంధక వాయువులు, ఫ్లోరిన్ గడ్డి మీద పడి పశువుల పళ్ళను, ఎముకలను పాడు చేశాయి. గొర్రెల్లో నూటికి ఎనభై దాకా, ఆవుల్లో సగం దాకా చచ్చిపోయాయి. తర్వాత వచ్చిన కరువులో దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు నశించింది. ఆ వాయువుల పొగమంచు ఐరోపా అంతా కమ్మింది. వాతావరణ శాస్త్రవేత్తలు కొందరు కంప్యూటర్ నమూనాల సాయంతో చేసిన అధ్యయనాలలో, ఆ ఏడు ఆఫ్రికా రుతుపవనాలతో పాటు మన రుతుపవనాలు కూడా ఆ వాయువుల ప్రభావంతో బలహీనపడి ఉంటాయని ప్రతిపాదించారు. ఆ ప్రాంతపు పాస్టరు యోన్ స్తేన్‌గ్రిమ్‌సన్ ఆ నెలలన్నీ తన జనం మధ్యనే ఉండి, జరిగినదంతా రాసి ఉంచాడు. ఈ వివరాలు మనకు అందడానికి ఆయన రాతలే పెద్ద ఆధారం. జూలై 20న లావా చర్చి వైపు వస్తుండగా ఆయన లోపల ప్రార్థన జరిపాడని, బయటికి వచ్చి చూస్తే లావా ముందుకు రాకుండా ఆగి ఉందని అక్కడి వారు నేటికీ భక్తితో చెప్పుకుంటారు. ఆ చర్చి ఉన్న ఊరిలో ఆయన జ్ఞాపకంగా కట్టిన ప్రార్థనా మందిరం ఉంది.

ఆ రాతిని చేత్తో తాకినప్పుడు నాకు మన రాజమహేంద్రవరం గుర్తుకొచ్చింది. కాతేరు దగ్గర, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీలలో కొట్టే నల్లరాయి కూడా ఇదే జాతికి చెందిన బసాల్టు. దక్కన్ లావా ప్రవాహాలు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద పశ్చిమాన పుట్టి, వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్ర తీరం దాకా వచ్చాయని భూగర్భ శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది భావిస్తున్నారు. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల నల్లరేగడి అలాంటి రాయి చివికి ఏర్పడినదే. ఇన్నాళ్ళూ నేను విద్యార్థులకు చల్లారిన రాయిని చూపించి ఒకప్పుడు ఇది పారిందని చెప్పాను. లాకీ ప్రవాహం పద్నాలుగు ఘనపు కిలోమీటర్లయితే దక్కన్ ప్రవాహాల పరిమాణం లక్షల్లో ఉంటుంది. లాకీ ఒక్కటే ఇంత చేస్తే, దక్కన్ కాలంలో భూమి మీది జీవులకు ఏమై ఉంటుందో ఆ నాచు మైదానంలో నిలబడితే ఊహకు అందుతుంది. మన క్వారీలకు వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా దుద్దుకూరు దగ్గర లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి పొరను చూసేటప్పుడు, విద్యార్థులు ఈ విషయాన్ని తలుచుకోవాలని కోరుతున్నాను.

ఆ నాచు మీద కాలు పెట్టకూడదు. ఒక్క అడుగు గుర్తు పడితే పూడడానికి దశాబ్దాలు పడుతుంది. రోడ్డు దిగి వాహనం నడపడం చట్టరీత్యా నేరం.

ఇంకా తూర్పుకి వెళితే స్కేదరార్‌సందుర్ అనే విశాలమైన ఇసుక మైదానం వస్తుంది. అక్కడ మెలి తిరిగిన రెండు ఇనుప దూలాలు రోడ్డు పక్కన నిలిపి ఉన్నాయి. 1996 సెప్టెంబరు చివరన వత్నాయోకుత్ల్ హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలి మంచును కరిగించింది. ఆ నీరు ఐదు వారాలు మంచు కిందనే ఒక సరస్సులో చేరుతూ, నవంబరు 5న ఒక్కసారిగా బయటపడింది. ఉచ్చస్థితిలో సెకనుకు సుమారు 50 వేల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 17.7 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల దగ్గర ఇస్తారు. అంటే మన గోదావరి భారీ వానలతో చేరే స్థాయికి ఆ వరద వానతో పని లేకుండా, కొన్ని గంటలలో, ఇళ్ళంత మంచుగడ్డలతో సహా చేరుకుంది. ఒక వంతెన పూర్తిగా కొట్టుకుపోయింది, ఇంకొకటి దెబ్బతింది. శాస్త్రజ్ఞులు వారాల ముందే హెచ్చరించి రోడ్డు మూయించడం వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ దూలాల ముందు మా వారు చాలాసేపు మౌనంగా ఉండి, తర్వాత కారులో వంతెనల గురించే మాట్లాడారు. అక్కడ వంతెనను ఎంత గట్టిగా కట్టాలన్న లెక్కతో పాటు, పోతే ఎంత త్వరగా తిరిగి కట్టుకోగలమన్న లెక్క కూడా వేస్తారు.

వత్నాయోకుత్ల్ దేశపు విస్తీర్ణంలో దాదాపు ఎనిమిది శాతం. దాని అంచుల నుంచి నాలుకల్లా కిందికి జారే మంచు పాయల్లో ఒకటి వెనక్కి తగ్గగా 1930ల నుంచి ఏర్పడినది యోకుల్‌సార్లోన్ సరస్సు, ఇప్పుడు 200 మీటర్లకు పైగా లోతు. నీలి మంచుగడ్డలు తేలుతూ సముద్రంలోకి పోయి, కొన్ని నల్ల ఇసుక మీద వచ్చి ఆగుతాయి. అది ఎంతో అందమైన దృశ్యం, అక్కడ ప్రతి జంటా ఫోటో తీసుకుంటుంది, మేమూ తీసుకున్నాము. కాని ఆ సరస్సు ఏటా పెరుగుతోందంటే హిమానీనదం ఏటా తరుగుతోందని అర్థం. పశ్చిమాన ఓక్ అనే చిన్న హిమానీనదం 2014లో ఆ హోదానే కోల్పోయింది, 2019లో దాని జ్ఞాపకంగా ఫలకం పెట్టారు.

మనుషుల గురించి చెప్పి ముగిస్తాను. దక్షిణ తీరం నుంచి పడవలో నలభై నిమిషాల దూరంలో హేమాయే అనే చిన్న దీవి ఉంది. 1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక ఊరి అంచున నేల చీలి లావా ఎగసింది. ముందు రోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండడంతో దాదాపు 5,300 మందిని ఆ రాత్రికి రాత్రే తరలించగలిగారు. లావా రేవు నోటిని మూసేస్తే ఆ ఊరికి జీవనాధారం పోతుంది కనుక, సముద్రపు నీటిని పంపులతో నెలల తరబడి లావా మీద పోసి గట్టిపరిచి ఆపారు. దాదాపు 400 ఇళ్ళు పోయినా రేవు మిగిలింది, జూలైలో పేలుడు ఆగాక చాలామంది తిరిగి వచ్చారు. చల్లారుతున్న ఆ లావా వేడితోనే ఏళ్ళపాటు ఇళ్ళను వెచ్చబరచుకున్నారు. బూడిదలోంచి తవ్వి తీసిన ఒక ఇంటి చుట్టూ కట్టిన ప్రదర్శనశాల అక్కడ ఉంది.

అలాంటి కష్టం ఇప్పుడు నైరుతి మూలన ఉన్న రేక్యనేస్ ద్వీపకల్పానికి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ళ నిశ్శబ్దం తర్వాత 2021లో అక్కడ లావా పైకి వచ్చింది. 2023 నవంబరు 10 రాత్రి గ్రిందవిక్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. 2024 జనవరిలో లావా కొన్ని ఇళ్ళను తగలబెట్టింది. ఫిబ్రవరిలో స్వార్ట్‌సెంగి విద్యుత్తు కేంద్రం నుంచి వెళ్ళే వేడినీటి గొట్టాన్ని లావా కప్పేయడంతో గడ్డకట్టే చలిలో ఇరవై వేల మందికి పైగా ఇళ్ళలో వెచ్చదనం పోయింది, కొద్ది రోజులలోనే కొత్త గొట్టం వేసి పునరుద్ధరించారు. దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళు భూగర్భ వేడితోనే వెచ్చగా ఉంటాయి. నేస్యావెట్లిర్ నుంచి రాజధానికి వచ్చే 27 కిలోమీటర్ల గొట్టంలో నీరు రెండు డిగ్రీలు కూడా చల్లారదని తెలిసి మా వారు ఎంత సంతోషించారో చెప్పలేను. యాత్రికులందరూ స్నానానికి వెళ్ళే బ్లూ లగూన్ నీరు కూడా ఆ స్వార్ట్‌సెంగి కేంద్రం నుంచి వచ్చేదే. విస్ఫోటం జరిగినప్పుడల్లా దానిని మూసి, మళ్ళీ తెరుస్తున్నారు. మేము మాత్రం ఊరి ఈతకొలనులకే వెళ్ళాము. అక్కడ ఊరివారు సాయంత్రాలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కొలనులో దిగే ముందు స్త్రీలకు, పురుషులకు విడివిడిగా ఉన్న గదులలో దుస్తులు లేకుండా ఒళ్ళు శుభ్రం చేసుకోవడం తప్పనిసరి నియమం. మనకు అలవాటు లేని ఆ పద్ధతికి ముందుగానే మనసు సిద్ధం చేసుకోండి.

వెళ్ళదలచిన వారికి కాలం విషయంలో నా సలహా సెప్టెంబరు. గొర్రెలను కొండల నుంచి దింపి యజమానుల వారీగా వేరు చేసే ఉత్సవం అప్పుడే జరుగుతుంది, రోడ్లు ఇంకా తెరిచే ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటే ఉత్తర ధ్రువ కాంతులు కూడా కనిపించవచ్చు. శాకాహారులకు ఇబ్బంది ఉంటుంది గాని, భూగర్భ వేడితో నడిచే గాజు తోటలలో పండిన టమాటాల సూపు, రొట్టె దొరుకుతాయి. వాహనాలు కుడివైపు నడుస్తాయి, గాలికి కారు తలుపు విరిగే ప్రమాదం ఉంది, ప్రతి ఉదయం వాతావరణ శాఖ, రహదారుల శాఖ సూచనలు చూసిన తర్వాతే బయలుదేరాలి. మేము తెచ్చుకున్న భూగర్భ పటాలను, లాకీ ప్రవాహపు పటంతో సహా, బల్ల మీద ఉంచాను. విద్యార్థులు దగ్గరికి వచ్చి చూడవచ్చు, ప్రశ్నలుంటే మా వారూ నేనూ కలిసి సమాధానం చెబుతాము. నమస్కారం.